కెమెరా ఎంతమందికి ఒకటి?

పోయిన వేసవిలో మా అమ్మాయిని హైదరాబాద్‌లోనే ఒక ఫిల్మ్ క్యాంపులో చేర్పించాం. పేరెందుకు లెండి. రిసెప్షన్‌లో హీరోల ఫోటోలు, ఏసీ హాలు, "పది రోజుల్లో మీ సినిమా మీ చేతుల్లో" అని బోర్డు. తీరా చూస్తే పిల్లలు ఇరవై ఎనిమిది మంది, కెమెరా ఒక్కటి. పది రోజుల్లో దానిమీద మా పిల్ల చెయ్యి పడింది ఒక్క పూట. మిగతా రోజులన్నీ ఎండలో, నటించేవాళ్ల మొహం మీద వెలుతురు పడేలా థర్మకోల్ షీటు పట్టుకుని నిలబడింది. చివరి రోజు సర్టిఫికెట్, గ్రూప్ ఫోటో. ఇరవై రెండు వేలు హుష్‌కాకి.

అందుకని ఈసారి డబ్బు కట్టేముందే తిరిగి చూశాం. ముందు అన్నపూర్ణ స్టూడియోస్. 2011లో మొదలైన ఫిల్మ్ కాలేజీ ఆ ఆవరణలోనే ఉంది. పక్కనే నిజం షూటింగులు. ఏళ్ల తరబడి చదవాలనుకునేవాళ్లకు మంచి చోటే. మాకు కావలసింది సెలవుల్లో రెండు వారాలు. పైగా ఇంటి నుంచి వెళ్తే టిఫిన్ బాక్సు, బస్సు, నిద్ర, ఇదే తంతు అవుతుందని వాళ్లమ్మ భయం.

చివరికి పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌వాళ్ల షార్ట్ కోర్సు ఒకటి దొరికింది, ఫోన్‌తో సినిమా తీయడం మీద. ఒక్కో కోర్సుకు ఒక్కో వయసు నిబంధన. మా పిల్లకు మార్చిలో పద్దెనిమిది నిండాయి కాబట్టి బతికిపోయాం.

మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో శతాబ్ది ఎక్కితే పుణెలో దిగేసరికి రాత్రి పదకొండు దాటింది. ఆ వేళకి స్టేషన్ ఆటోలతో బేరం కుదరదు, క్యాబ్ బుక్ చేసుకోండి. ఊళ్లో డెక్కన్ అనే పేట వైపు లాజ్‌లో రెండు రాత్రులున్నాం. గది చిన్నదే గానీ శుభ్రం. తర్వాత అమ్మాయిని ఎరండ్‌వణేలో పీజీలో దింపాను. అక్కడినుంచి ఇన్‌స్టిట్యూట్ ఉన్న లా కాలేజ్ రోడ్డుకు నడిచి వెళ్లొచ్చు. భోజనం మాత్రం మనవాళ్లకు కష్టమే. పప్పులో బెల్లం. ఇంటి నుంచి తెచ్చిన పచ్చడి సీసా మూడో రోజుకే ఖాళీ.

ఇన్‌స్టిట్యూట్ గేటు చూసి నాకు కాస్త నిరాశగానే అనిపించింది. ఆర్భాటమేమీ లేదు. కానీ ఆ నేల పాతది. 1933లో కొల్హాపూర్ నుంచి వచ్చిన ప్రభాత్ అనే సినిమా కంపెనీ స్టూడియో ఉన్న చోట 1960లో ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. లోపల విజ్డమ్ ట్రీ అని పేరుపడిన మామిడిచెట్టు ఉంది. దాని కింద కూర్చుని ఎవరో ఇద్దరు ఒక్క షాట్ గురించి గంటసేపు గొడవపడటం చూసొచ్చి చెప్పింది మా పిల్ల. ఫీజులో సగం అక్కడే గిట్టిందనుకున్నాను.

మొదటి పని ఏమిచ్చారో తెలుసా? ఒక మనిషి గదిలోకొచ్చి కుర్చీలో కూర్చోవాలి. మాటల్లేవు, ఐదు షాట్లు. ఎవరి ఫోన్ వాళ్లదే కాబట్టి వంతుల గోల లేదు. తను తీసింది తెరమీద వేస్తే ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదట. మళ్లీ తీయమన్నారు. మూడుసార్లు. ఎడిటింగ్ కూడా తనే చేసుకుంది. పెద్ద కెమెరాలు, క్రేన్లు ఆశించేవాళ్లకు ఈ కోర్సు నచ్చదు.

ఇంటికొచ్చిన వారానికి నాయనమ్మ ఆవకాయ కలుపుతుంటే మా పిల్ల ఫోన్ పట్టుకుని వంటింట్లో ఫ్యాన్ ఆపేసింది. మే నెల. నాయనమ్మ తిట్లు కూడా స్పష్టంగా రికార్డయ్యాయి.