సిక్స్ మేలా, ఎవిటా మేలా?

"రాణుల పాప్ కచేరీ నాటకాలు అంటున్నారు కదా, దేంతో మొదలుపెట్టమంటారు?" అని వారానికొకరైనా అడుగుతున్నారు. కాలేజీ పిల్లలైతే ఇంకో మెట్టెక్కి, "మేం రుద్రమదేవి మీద అలాంటిదే వేద్దామనుకుంటున్నాం, సిక్స్‌లా చేయాలా, ఎవిటాలా చేయాలా?" అంటున్నారు. రెండూ ఇంగ్లిష్ సంగీత నాటకాలే: సిక్స్ ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ ఆరుగురు రాణుల కథ, ఎవిటా అర్జెంటీనా అధ్యక్షుడి భార్య ఎవా పెరోన్ కథ. వినడానికైనా, వేయడానికైనా నేను చూసేది ఒకటే కాబట్టి రెండింటికీ కలిపి ఇక్కడే చెప్పేస్తాను.

హైదరాబాద్‌లో కూర్చున్న మనకు ఇవి స్టేజీ మీద చూసే భాగ్యం ఎలాగూ లేదు, ఆల్బమ్‌లే దిక్కు. మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగేలోపు సిక్స్ తొమ్మిది పాటలూ అయిపోతాయి. ఎవిటా 1976 నాటి డబుల్ ఆల్బమ్‌కి రానూపోనూ కావాలి. అయితే చెవులతోనే కథంతా తెలియాలంటే ఎవిటాదే పైచేయి. అందులో మాటలు కూడా దాదాపు పాటలే, వింటే చాలు, ఏదీ తప్పిపోదు. సిక్స్ ఆల్బమ్‌లో పాటల మధ్య రాణులు ఒకరినొకరు దెప్పిపొడుచుకునే మాటలుండవు. ఎనభై నిమిషాల షోలో సగం సరదా వాటిదే. సంగీతం బరువు చూసినా ఎవిటా పెద్దది. ఆండ్రూ లాయిడ్ వెబర్ అందులో ఒక్కో బాణీని తిప్పి తిప్పి వాడతాడు, పదోసారి విన్నప్పుడు కూడా కొత్త లింకు దొరుకుతుంది.

ఇంత చెప్పి కూడా నా ఓటు సిక్స్‌కే. ఎందుకంటే నేను ముందు చూసేది మైకు ఎవరి చేతిలో ఉందనేది.

ఎవిటా మొదలయ్యేదే ఎవా పెరోన్ చావు కబురుతో. 1952, ఆమెకు ముప్పై మూడేళ్లు, ఊరంతా ఏడుస్తోంది. అప్పుడు చే అనే పాత్ర వచ్చి ఇదంతా సర్కస్ అని వెటకారంగా ఒక పాట పాడతాడు. సెకండాఫ్‌లో ఎవా బాల్కనీలో నిలబడి జనాన్ని ఉద్దేశించి పాడే పాట, ప్రపంచమంతా ఎరిగిన పాట, అదే బాణీలో ఉంటుంది. అంటే ఆమె నోరు తెరిచేసరికే ఆమె పాటను వాడు వెక్కిరించి పెట్టాడు. రచనగా చూస్తే గొప్ప తెలివి, కాదనను. మన బుర్రకథలో పక్కనుండే వంత రాజకీయం మీద చురకలేస్తాడే, ఆ వంతే కథకుడి కుర్చీ లాక్కున్నట్టు ఉంటుంది. కానీ చివరికి మనకు మిగిలేది ఎవా గురించి చే అభిప్రాయం. 2025లో లండన్ పల్లాడియంలో వేసినప్పుడు ఎవా వేషం వేసిన రేచల్ జెగ్లర్‌ని నిజంగానే థియేటర్ బయటి బాల్కనీలోకి పంపి ఆ పాట పాడించారు. టికెట్ కొన్నవాళ్లు లోపల తెర మీద చూస్తుంటే రోడ్డు మీది జనం ఉచితంగా విన్నారు. నాకు ఆ ఆలోచన తెగ నచ్చింది. ఆ నాలుగు నిమిషాలైనా ఎవా ఆ చే పాత్రను దాటి జనానికి నేరుగా పాడింది.

సిక్స్‌లో ఈ గొడవే లేదు. ఎనిమిదో హెన్రీ ఆరుగురు భార్యలు వస్తారు, హెన్రీ రాడు. ఎవరి పాట వాళ్లే పాడుకుంటారు. భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా జడ వేసి, ప్రవేశ దరువుతో తానెవరో తానే చెప్పుకుంటుంది చూడండి, అలాంటి దరువులు ఆరు వరసగా వచ్చినట్టు. దీన్ని రాసినప్పుడు టోబీ మార్లో, లూసీ మాస్ ఇద్దరూ కేంబ్రిడ్జి విద్యార్థులు. 2017లో ఎడిన్‌బరో ఫ్రింజ్ నాటకోత్సవంలో వేశారు, 2022కల్లా ఒరిజినల్ స్కోర్‌కి, అంటే సొంత సంగీతానికి, అమెరికా నాటకరంగంలో పెద్దదైన టోనీ అవార్డు తెచ్చుకున్నారు. ఈ మధ్యలో 2020 మార్చి 12న, సరిగ్గా న్యూయార్క్ బ్రాడ్‌వేలో ఓపెనింగ్ రోజునే, కోవిడ్ వల్ల థియేటర్లన్నీ మూతపడ్డాయి. మళ్లీ తెర లేవడానికి ఏడాదిన్నర పట్టింది.

టైమ్ లేదంటే అయిదో రాణి కేథరిన్ హోవర్డ్ పాట ఒక్కటి వినండి. మొదట ఐటం సాంగ్ బీటులా ఉంటుంది, తల ఆడుతుంది, పల్లవి నోటికొచ్చేస్తుంది. మొదటి చరణంలో చిన్నపిల్లగా ఉన్నప్పటి సంగీతం మాస్టారు. రెండో చరణంలో ఇంకొకడు, మూడులో రాజు, నాలుగులో రాజు కొలువులోని కల్‌పెపర్. ప్రతిసారీ "వీడు వేరే" అని నమ్ముతుంది, ప్రతిసారీ అదే పల్లవి దగ్గరికి వచ్చి పడుతుంది. బాణీ మారదు, గొంతు మారుతుంది. నాలుగోసారికి ఆ హుషారు మాటలే ఊపిరాడనట్టు వినిపిస్తాయి. స్టేజీ మీద మిగతా రాణుల చేతులు ఆమె ఒంటి మీదికి పాకుతూ వస్తాయి. ఆల్బమ్‌లో ఆ చేతులు కనపడవు, గొంతే చాలు. రెండు నిమిషాల క్రితం ఇదే పల్లవికి నేను మెట్రోలో కాలు ఆడించాను కదా అని సిగ్గేసింది. 1542లో ఆమె తల తీసేశారని పాఠంలో చదివితే ఆ సిగ్గు రాదు. ఎవరో పక్కన నిలబడి "పాపం" అంటూ చెప్పినా రాదు.

ఈ పాఠం నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. మొన్న సంక్రాంతికి కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ ప్రోగ్రాంకి రుద్రమదేవి మీద అరగంట షో రాశాను, ఎవిటా పద్ధతిలో. ఎదురు ఫ్లాట్ బీటెక్ కుర్రాడు నల్ల కుర్తా వేసుకుని కథ చెప్పాడు, మా అక్క కూతురు రుద్రమ. కుర్రాడు ఇరగదీశాడు. షో అయ్యాక ఆంటీలందరూ వాడి చుట్టూ చేరారు. మా పిల్ల కిరీటం తీసి చంకలో పెట్టుకుని నా దగ్గరికొచ్చి, "పిన్నీ, నా పేరుతో షో వేసి మైకు వాడికిచ్చావేంటి?" అంది. లెక్కపెట్టి చూస్తే అరగంటలో రుద్రమకు నేను రాసిన పాటలు రెండు.

అలాగని సిక్స్‌లో లోపం లేదని కాదు. మనిషికి నాలుగైదు నిమిషాలే. ఇంగ్లండ్‌లో తన పేరుతో ఇంగ్లిష్ పుస్తకం అచ్చువేయించిన తొలి మహిళ ఆరో రాణి కేథరిన్ పార్. ఆ సంగతి అలా వచ్చి ఇలా పోతుంది. నాలుగో రాణి యానా ఆఫ్ క్లీవ్స్ ఆరు నెలలకే పెళ్లి రద్దయి, ప్యాలెస్‌లు దక్కించుకుని, హెన్రీ కన్నా పదేళ్లు ఎక్కువే బతికింది. ఆమెకో పూర్తి నాటకం రాయొచ్చు, ఇందులో ఒక ర్యాప్‌తో సరిపెట్టారు. పైగా ఎంత కాదన్నా అందరూ ఒకే మగాడి భార్యలుగానే స్టేజీ ఎక్కుతారు. షో చివర్లో ఆ మాట వాళ్లే అనుకుంటారు, అది వేరే సంగతి.

మిగతావాటి గురించి కూడా అడుగుతుంటారు. హియర్ లైస్ లవ్ ఫిలిప్పీన్స్ నియంత భార్య ఇమెల్డా మార్కోస్ మీద డిస్కో. 2023లో బ్రాడ్‌వే థియేటర్లో కింది సీట్లన్నీ పీకేసి డాన్స్ ఫ్లోర్ చేశారు. నియంత పెళ్లాంతో మనచేతా చిందులేయించి తర్వాత గిల్లుతుంది. ఐడియా మంచిదే కానీ నిలబడి ఆడితేనే ఆ గిల్లుడు, ఇయర్‌ఫోన్స్‌లో సగం పోతుంది. సఫ్స్ అమెరికా మహిళల ఓటుహక్కు కథ. పాటలు బావుంటాయి, పాప్ కచేరీ కాదు.

ఇక వేద్దామనుకునే పిల్లలకు. నలుగురైదుగురు అమ్మాయిలు, సెట్టు లేదు, ట్రాక్ లాప్‌టాప్ నుంచి అంటే కళ్లు మూసుకుని సిక్స్ పద్ధతి పట్టుకోండి. పద్ధతి అన్నాను, పాటలు కాదు. పాటలు మీరే రాసుకోవాలి. రుద్రమ ఒక్కదాని మీదే అంటే మాత్రం కష్టం. శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజు, మగ పేరు. ఆమె పోయిన సంగతి మనకు చెప్పేది కూడా పువ్వుల ముమ్మడి అనే బంటు వేయించిన 1289 నాటి చందుపట్ల శాసనం. ఆమె గొంతు మీరే కట్టాలి. హైదరాబాద్ ఉర్దూ కవయిత్రి మహ్ లఖా బాయి చందా అయితే వేరు. మౌలాలి గుట్ట కింద సమాధి ఉందే, ఆవిడ. నూట పాతిక గజళ్ల దీవాన్, అంటే కవితల పుస్తకం, వదిలి వెళ్లింది, సొంత మాటలు కావలసినన్ని.

మేం వచ్చేసారికి ఆవిడనే పెట్టుకున్నాం, ఆవిడతో పాటు రుద్రమ, గోల్కొండ రాణి హయాత్ బక్షీ బేగం, సరోజినీ నాయుడు, చాకలి ఐలమ్మ. కథ చెప్పే కుర్రాడికి ఈసారి డప్పు ఇచ్చాం. కార్డ్‌లెస్ మైకులు అయిదు కావాలని టెంట్ హౌస్ ఆయనకు ఫోన్ చేస్తే, "రెండే ఉన్నాయమ్మా, చేతులు మార్చుకోండి" అన్నాడు. మిగతా మూడింటి కోసం ఊరంతా వెతుకుతున్నాను.