బరంపురం వెండి కొట్లలో ఫ్రీమేసన్ పతకాలు

ఫ్రీమేసన్లంటే బ్రిటిష్ వాళ్ల కాలంలో ఇక్కడా నడిచిన ఓ సోదర సంఘం వాళ్లు. వాళ్ల పాత పతకాలు వెతుక్కుంటూ ఒడిశాలోని గంజాం జిల్లా వెళ్లేవాళ్లు బరంపురంలోనే దిగండి. గోపాల్‌పూర్‌లో బస హాయిగా ఉంటుంది. గది శుభ్రం, సముద్రపు గాలి, పీతల కూర అద్భుతం. కానీ ఒడ్డున గవ్వల కొట్లలో పాతవని చూపించే మెడల్స్ అన్నీ కొత్త ఇత్తడి పోతలే. ఫ్రీమేసన్ల గుర్తయిన మూలమట్టం, కంపాస్ (వృత్తలేఖిని) ఉంటాయి గానీ అంచులు మొద్దుగా, అక్షరాలు అలికినట్టు ఉంటాయి.

బరంపురం బస్టాండు దగ్గర హోటల్లో రాత్రంతా హారన్ల మోత, వేడినీళ్లకు బకెట్‌ లెక్కన డబ్బులు. అయినా అక్కడే ఉండమంటాను, పొద్దున్నే బడాబజార్ వెండి కొట్లకు వెళ్లొచ్చు. 1936 దాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ, దొరల దండున్న ఊరు. చాలామంది షావుకార్లు తెలుగే మాట్లాడతారు.

అక్కడ పాత పట్టీల మధ్య నాకో శిలువ ఆకారపు పతకం కనిపించింది. దాని మీద రోమన్ అంకెల్లో 1914, 1918 ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన సభ్యుల స్మారకంగా లండన్‌లో ఫ్రీమేసన్స్ హాల్ కట్టడానికి 10 గినీలు (గినీ అంటే పాత బ్రిటిష్ లెక్కలో పౌను మీద ఒక షిల్లింగు), ఆపైన ఇచ్చినవాళ్లకు ఇచ్చింది అది. ఆ భవనం 1933లో పూర్తయింది. "రేపు కరిగించేద్దామనుకున్నాం బాబూ" అన్నాడు కొట్టు పెద్దాయన. గుండె గుభేలుమంది. వెనక ఒక మనిషి పేరు, లాడ్జి (మేసన్ల స్థానిక శాఖ) నంబరు చెక్కి ఉన్న వస్తువును తూకానికి కరిగించడం ఎంత నష్టం! భూతద్దం ఇచ్చి, తొందరపెట్టకుండా చూడనిచ్చిన ఆ పెద్దాయన కొట్టుకే మళ్లీ వెళతాను.

ఇంగ్లండ్ వెండి మీద నడిచే సింహం ముద్ర ఉంటే అది స్టెర్లింగ్, అంటే 92.5 శాతం వెండి, పక్కన లంగరు ఉంటే బర్మింగ్‌హామ్‌లో పరీక్షించి వేసిన ముద్ర. కొన్నిటి మీద 5887 లాంటి ఏడాది కనబడితే టెన్షన్ వద్దు. మేసన్లు క్రీస్తు శకానికి 4000 కలిపి రాస్తారు, అంటే అది 1887. చింతపండుతో తోమి ఇస్తామంటే మాత్రం గట్టిగా వద్దనండి, చెక్కిన గీతలు అరిగిపోతాయి. రిబ్బన్ చిరిగినా అలాగే ఉంచండి.

పర్లాకిమిడి కూడా వెళ్లాను. రాజుగారి కోట, కొమ్ము బొమ్మలు చూడదగ్గవే, పతకాలు మాత్రం ఒక్కటీ దొరకలేదు.

విదేశాల్లో ఉన్న పిల్లలకు పంపుదామనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. 1972 నాటి పురాతన వస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువును దేశం దాటించడానికి ప్రైవేటు వ్యక్తులకు వీల్లేదు. బిల్లులో "పాత వెండి" అని ఊరుకోకుండా, వెనక చెక్కిన పేరు, లాడ్జి నంబరు కూడా రాయించుకోండి.