వేట నిషేధంలో పూట గడిచేది: భృతా, ఎండు చేపా?

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవల వేట బంద్. ఆ రెండు నెలలు ఇల్లు గడవడానికి ఆంధ్రలో మత్స్యకార కుటుంబానికి ఇచ్చే భృతి 2025లో పదివేల నుంచి ఇరవై వేలయింది. మంచి పెంపే. బియ్యం, నూనె, పిల్లల మందులు అన్నీ కొనేది రొక్కంతోనే, ఎండు చేపతో కాదు. కానీ అది పడవెక్కి వేటకెళ్లే మనిషి పేరున వస్తుంది. గంప నెత్తిన పెట్టుకుని అమ్మే ఆడమనిషి బేరం కూడా అప్పుడే ఆగిపోతుంది, ఆమె లెక్కలో ఉండదు. ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

ఆ రెండు నెలల కోసం ముందే దాచుకునే ఎండు చేప సంగతి వేరు. దాన్ని ఎండబెట్టేదీ, దాచేదీ, వండేదీ ఆమే. గుప్పెడు నెత్తళ్లు వేయించి వంకాయలో వేస్తే ఇంటిల్లిపాదికీ కూర. ముల్లుతో సహా తింటారు కాబట్టి కాల్షియం కూడా అందుతుంది. ఇసుకలో కాకుండా ఎత్తైన తడికల మీద ఆరబెడితే శుభ్రంగా, ఎక్కువ కాలం నిలుస్తుంది. అయితే అకాల వాన పడితే సరుకంతా పురుగు పడుతుంది. అప్పులున్న ఇంట్లో అసలు దాచుకోవడానికే మిగలదు, పచ్చి చేపగానే షావుకారు తూకానికి పోతుంది.

నన్నడిగితే ముందు భృతి, అదీ అమ్మే ఆడవాళ్లకు కూడా. ఆ వెంటనే ప్రతి రేవులో ఆరబెట్టే తడికలు, వానకు కప్పడానికి టార్పాలిన్లు.