రాడికో ఖైతాన్ షేరు: ఏళ్ల తరబడి ఉంచుకున్నాక నా సమీక్ష

కరోనాకు ముందు నుంచీ నా దగ్గర మద్యం తయారుచేసే రాడికో ఖైతాన్ కంపెనీ షేర్లు ఉన్నాయి. మధ్యలో కొన్ని కలిపానే తప్ప అమ్మలేదు. ఈ షేరు గురించి నన్ను అడిగేవాళ్లలో చాలామంది సింగిల్ మాల్ట్ (మొలకెత్తించిన బార్లీతో ఒకే డిస్టిలరీలో చేసే విస్కీ) కథ విని వస్తారు. పీపాల్లో విస్కీ పాతబడుతున్నకొద్దీ కంపెనీ విలువ దానంతటదే పెరుగుతుందని వాళ్ల నమ్మకం. అందులో నిజం ఉంది, కానీ వాళ్లనుకునే చోట లేదు.

ఉత్తరప్రదేశ్‌లోని రామ్‌పూర్‌లో 1943లో పెట్టిన డిస్టిలరీ ఇది. సొంత బ్రాండ్లలోకి వచ్చింది 1990ల చివర్లో, 8పీఎం విస్కీతో. 2006లో మ్యాజిక్ మొమెంట్స్ వోడ్కా, 2016లో రామ్‌పూర్ సింగిల్ మాల్ట్, 2018లో జైసల్మేర్ జిన్ వచ్చాయి. బ్రాందీ ఎక్కువగా తాగే మన దక్షిణాదిలో వీళ్ల మార్ఫియస్ బ్రాందీ పేరు చాలామందికి తెలుసు. వోడ్కాను పాతబెట్టాల్సిన పని లేదు. తయారైంది తయారైనట్టే సీసాలోకి వెళ్తుంది, డబ్బు త్వరగా తిరిగొస్తుంది. అమ్మే పెట్టెల్లో సింహభాగం ఇలాంటి సరుకే. మాల్ట్ పీపాలను ఏళ్ల తరబడి కదపకుండా ఉంచగలుగుతున్నారంటే ఆ రోజువారీ అమ్మకాల వల్లే. నేను ఈ షేరును వదలకపోవడానికి మొదటి కారణం అదే.

ఇక పాతబెట్టడం ఖరీదు చూద్దాం. స్కాట్లాండ్ చలిలో పీపా నుంచి ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. మన ఎండలకు అది 10 శాతం దాకా, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువే పోతుంది. 10 శాతమే అనుకున్నా, 200 లీటర్ల పీపాలో ఐదేళ్లకు మిగిలేది దాదాపు 118 లీటర్లు. స్కాట్లాండ్‌లో అయితే 181 మిగులుతుంది. పదేళ్లు ఉంచితే ఇక్కడ 70 లీటర్లు, అక్కడ 163. దీనికి వడ్డీ కలపండి. లీటరు మాల్ట్ స్పిరిట్‌కు 100 రూపాయలు పెట్టామనుకుంటే, 10 శాతం వడ్డీతో ఐదేళ్లకు అది 161 అవుతుంది. ఆవిరైన దాన్ని కూడా లెక్కేస్తే మిగిలిన ఒక్కో లీటరు మీద పడేది సుమారు 273 రూపాయలు. పీపా ధర, గోదాము ఖర్చు, పన్నులు ఇంకా వేయనే లేదు.

పాత బియ్యానికి ధర ఎక్కువ పలికినట్టే పాత మాల్ట్‌కూ పలుకుతుంది. కానీ బస్తాలో బియ్యం ఇలా సగం మాయం కాదు. వేడికి మాల్ట్ త్వరగా పక్వానికి వస్తుందన్న మాట నిజమే. అందుకే మన సింగిల్ మాల్టుల్లో చాలావాటి మీద ‘12 ఏళ్లు’, ‘18 ఏళ్లు’ అని కనిపించదు. ఇక్కడ అన్నేళ్లు ఆగితే అమ్మడానికి మిగిలేది కొంచెమే. కాబట్టి విలువ వయసులో కాదు, ఆ 273 రూపాయల సరుకును ఎన్నో రెట్లకు కొనే మనిషి ఉన్నాడా అన్నదాంట్లో ఉంది. రామ్‌పూర్‌కు విదేశాల్లోనూ, ఎయిర్‌పోర్టు దుకాణాల్లోనూ అలాంటి మనుషులు దొరికారు. నాకు కంపెనీ మీద గౌరవం పెరిగింది అక్కడే.

బ్యాలెన్స్ షీట్ చదివేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పీపాలోని సరుకు విలువను దాని తయారీకి అయిన ఖర్చు మేరకే రాస్తారు. రేపు ఎంతకు అమ్ముడవుతుందన్నది అందులో కనిపించదు. కనిపించేదల్లా ఏటా పెరిగే నిల్వలు, వాటిలో ఇరుక్కున్న నగదు. లాభం బాగుండి చేతికొచ్చే నగదు తక్కువగా ఉంటే నేను వెంటనే కంగారుపడను. ఆ తేడా మాల్ట్ నిల్వల వల్ల వచ్చిందా, కంపెనీకి రావాల్సిన బకాయిల వల్ల వచ్చిందా అని చూస్తాను. మొదటిది పెట్టుబడి, రెండోది జబ్బు.

నన్ను నిజంగా టెన్షన్ పెట్టింది పీపాలు కాదు, ప్రభుత్వాలు. మన రెండు రాష్ట్రాల్లోనూ కంపెనీ తన ఇష్టం వచ్చిన ధర పెట్టడానికి వీల్లేదు. మద్యం కొని దుకాణాలకు ఇచ్చే ప్రభుత్వ కార్పొరేషన్ ఒప్పుకున్న రేటుకే ఇవ్వాలి, డబ్బు వచ్చేదాకా ఆగాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు నుంచి దుకాణాలను ప్రభుత్వమే నడిపింది. తెలిసిన బ్రాండ్లు చాలావరకు అరల్లోంచి మాయమయ్యాయి. 2024 అక్టోబరులో ప్రైవేటు దుకాణాలు వచ్చాకే మళ్లీ కనిపించాయి. తెలంగాణలో రేట్లు పెంచడం లేదని, బకాయిలు పేరుకున్నాయని 2025 జనవరిలో యునైటెడ్ బ్రూవరీస్ కొన్నాళ్లు బీరు సరఫరానే ఆపేసింది. అది వేరే కంపెనీ, వేరే సరుకు, కానీ ఈ రంగంలో ఎవరి షేరు కొన్నా ఈ రిస్కు మాత్రం వెంటే వస్తుంది.

ముడిసరుకు బాధ కూడా తక్కువేం కాదు. పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ కోసం నూకలు, మొక్కజొన్న తరలిపోయి ధాన్యం రేట్లు ఎక్కినప్పుడు లాభాల శాతం పడిపోయింది. అదే సమయంలో సీతాపూర్‌లో కొత్త డిస్టిలరీకి వందల కోట్లు పెట్టడంతో అప్పు పెరిగింది. షేరు చాలాకాలం నీరసంగా ఉంది. ఆ ప్లాంటు 2023లో పనిచేయడం మొదలయ్యాక, ఖరీదైన బ్రాండ్ల వాటా పెరిగాక గానీ ఊపిరి పీల్చుకోలేదు.

డివిడెండ్ నామమాత్రం, ధరతో పోలిస్తే ఒక శాతం కూడా రాదు. ఏటా చేతికి ఆదాయం కావాలనుకునే రిటైరైన వాళ్లకు నేను దీన్ని చెప్పను. కేవలం మాల్ట్ మోజుతో కొనాలనుకునేవాళ్లకూ చెప్పను. మంచి పేరున్న అమృత్, పాల్ జాన్ కంపెనీలు స్టాక్ మార్కెట్లో లేవు కాబట్టి ఉన్నవాటికి జనం ఎక్కువ ధర కట్టేస్తున్నారు. నా షేర్లు మాత్రం అలాగే ఉంచుతున్నాను. అప్పు తగ్గడం ఆగిపోయినా, రాష్ట్రాల బకాయిలు అమ్మకాల కంటే వేగంగా పెరిగినా అప్పుడు కొంత అమ్ముతాను.