ఛత్తా బజార్ బైండింగ్: కుట్టు గట్టిది, కత్తెరతోనే జాగ్రత్త

హైదరాబాద్ పాతబస్తీలోని ఛత్తా బజార్ అంటే అందరికీ పెళ్లి పత్రికలే గుర్తొస్తాయి. ఆ సందుల్లో పుస్తకాలకు చేత్తో కుట్టు వేసే దుకాణాలు ఇంకా ఉన్నాయి. మా తాతయ్య పేపర్ కటింగుల పుస్తకాన్ని అలాంటి ఒక దాంట్లో బైండింగ్ చేయించాను.

తాతయ్యది గన్నవరం, అభిమానం కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య మీద. 1955 ఎన్నికల్లో కమ్యూనిస్టులు 15 సీట్లకు పడిపోయినా గన్నవరం సుందరయ్యను గెలిపించింది. తాతయ్య కటింగులు అక్కడ మొదలవుతాయి. కర్నూలు అసెంబ్లీ, 1956లో రాజధాని హైదరాబాద్‌కు మారాక ప్రతిపక్ష నాయకుడిగా ప్రసంగాలు, 1962లో మళ్లీ గెలుపు, 1964లో సీపీఎం ప్రధాన కార్యదర్శి పదవి. పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లేవాడని ఆయన గురించి అందరూ చెప్పేదే. తాతయ్యకు మాత్రం సైకిల్ కన్నా సాగునీటి లెక్కలే ముఖ్యం, ఆ ప్రసంగాలన్నిటికీ ఎర్ర గీతలున్నాయి. 1967లో అసెంబ్లీ వదిలాక పేజీలు పలచబడి, 1978లో ఆయన తిరిగి ఎమ్మెల్యే అయ్యాక మళ్లీ నిండాయి. చివరిది 1985 మేలో ఆయన పోయిన వార్త.

లామినేషన్ చేద్దామంటే బైండింగ్ చేసే చాచా ఒప్పుకోలేదు. "వద్దమ్మా, పేపర్ లోపలే ఉడికిపోతది" అన్నాడు. మైలుతుత్తం కలిపిన మైదా జిగురుతో విడిపోయిన కాగితాలు అంటించి, దారంతో కుట్టి, పైన ఎర్ర కాలికో గుడ్డ వేశాడు. గమ్ బైండింగ్‌లా పట్టేయదు, ఏ పేజీ తీసినా పూర్తిగా పరుచుకుంటుంది. ఆరు వందలు తీసుకున్నాడు, ఆ పనికి తక్కువే.

వెన్ను మీద బంగారు అక్షరాలతో ముందు 'సుందరరామిరెడ్డి' అని కొట్టారు. మొదటి పేజీలో సుందరయ్య పుట్టినప్పటి పేరు చూసి అక్కడి కుర్రాడు వేశాడట. 'రెడ్డి'ని తన పేరులోంచి తానే తీసేసుకున్న మనిషాయన! చెప్పగానే విసుక్కోకుండా వెన్ను మార్చి ఇచ్చారు, డబ్బు అడగలేదు.

నాకు కోపం వచ్చింది కటింగ్ మిషన్ దగ్గర. అంచులు కోయొద్దని ముందే చెప్పాను. అయినా చదునుగా రావాలని కోసేశారు. తాతయ్య పెన్సిల్‌తో తేదీలు, పత్రికల పేర్లు రాసుకున్నది ఆ అంచుల్లోనే. 1962 తర్వాతి ప్రసంగాలు కొన్ని ఇప్పుడు ఏ రోజువో తెలియదు. దానికి మాత్రం దుకాణంలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

లెక్కల పుస్తకాలు, థీసిస్‌లైతే నిశ్చింతగా ఇవ్వండి. అంచుల్లో చేతిరాత ఉంటే ముందు ప్రతి పేజీ ఫొటో తీసుకోండి, వీలైతే మిషన్ దగ్గర మీరే నిలబడండి.