బూడిద ఇటుక: రేటు కంటే ముందు తేదీ అడగండి

యర్రగుంట్ల, ముద్దనూరు చుట్టుపక్కల తయారయ్యే బూడిద ఇటుక ఇంటికి పనికొస్తుందా అని కడప, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు ఇల్లు మొదలుపెట్టే ప్రతి ఒక్కరూ అడుగుతున్నారు. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. అచ్చులోంచి తీసి 28 రోజులు నిండిన ఇటుకైతే మట్టి ఇటుకకు ఏ మాత్రం తీసిపోదు, చాలా విషయాల్లో మెరుగు కూడా. వారం కిందట అచ్చుపోసిన ఇటుకైతే ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. ఒకే యూనిట్, ఒకే మిషన్, ఒకే రంగు. తేడా అంతా ఆ మూడు వారాల్లోనే ఉంది.

ముందు బూడిద సంగతి. కలమల్ల దగ్గర రాయలసీమ థర్మల్ పవర్ ప్రాజెక్టులో మొదటి యూనిట్ 1994లో మొదలైంది. ఇప్పుడు మొత్తం సామర్థ్యం 1650 మెగావాట్లు. మన దేశపు బొగ్గులో 30 నుంచి 45 శాతం దాకా బూడిదే కాబట్టి రోజూ గుట్టలు గుట్టలుగా మిగులుతుంది. ఇందులో రెండు రకాలున్నాయి. పొగగొట్టానికి ముందు విద్యుత్ ఫిల్టర్లలో పట్టే పొడి బూడిద ఒకటి, నీళ్లతో కలిపి ప్లాంటు బూడిద చెరువులోకి పంపే తడి బూడిద ఇంకొకటి. ఇటుకకు బలమిచ్చేది మొదటిది. లేత బూడిద రంగులో ఉంటుంది, వేళ్ల మధ్య రుద్దితే మైదాపిండిలా జారుతుంది. చెరువు బూడిదలో బాయిలరు అడుగున పడే గరుకు బూడిద కూడా కలుస్తుంది, చేతికి ఇసుకలా తగులుతుంది. పక్కనే సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి, వాటికీ పొడి బూడిదే కావాలి. అందుకని చిన్న యూనిట్లకు అది దొరకని రోజులుంటాయి, ఆ రోజుల్లో చెరువు బూడిద పోస్తారు. పోయడం తప్పు కాదు, కానీ అప్పుడు సున్నమో సిమెంటో పెంచాలి. పెంచకుండా పాత కొలతలే వేస్తే ఆ లోడు బలహీనంగా వస్తుంది. బూడిద మరీ నల్లగా ఉంటే అందులో కాలని బొగ్గు మిగిలిందని అర్థం. అది 5 శాతం దాటితే ఇటుక నీళ్లు ఎక్కువ తాగుతుంది, బలం తగ్గుతుంది.

బూడిదలో గాజు రూపంలో సిలికా, అల్యూమినా ఉంటాయి. ఒట్టి నీళ్లతో కలిపితే ఇది గట్టిపడదు. సున్నం, తేమ రెండూ తగిలితేనే సిలికా నెమ్మదిగా కరిగి సున్నంతో కలిసి కాల్షియం సిలికేట్ హైడ్రేట్ అవుతుంది. సిమెంటులో రేణువులను పట్టి ఉంచే జిగురూ ఇదే. చిక్కంతా 'నెమ్మదిగా' అన్న దగ్గరే. మొదటి రోజుల్లో ఇటుక విరగకుండా నిలబడాలంటే జిప్సం కావాలి. అది బూడిదలోని అల్యూమినాతో, సున్నంతో కలిసి సూదుల్లాంటి స్ఫటికాలు కట్టి తొలి పట్టు ఇస్తుంది. బూడిద, సున్నం, జిప్సం కలిపే ఈ పద్ధతిని ఫాల్-జి పేరుతో అభివృద్ధి చేసింది మన తెలుగువాళ్లే, విశాఖపట్నంలోని ఇన్‌స్వరేబ్ సంస్థకు చెందిన భానుమతీదాస్, కాళిదాస్. బట్టీ అక్కర్లేదు, పెద్ద పెట్టుబడీ అక్కర్లేదు కాబట్టి చిన్నవాళ్లు కూడా యూనిట్ పెట్టుకోగలిగారు. ఇలాంటి చిన్న యూనిట్లన్నిటినీ ఒక్కటిగా చేర్చి, ఇటుక కాల్చకపోవడం వల్ల ఆదా అయిన కార్బన్‌కు ప్రపంచ బ్యాంకు నిధి నుంచి డబ్బు ఇప్పించే ఏర్పాటు కూడా జరిగింది.

సున్నం పద్ధతిలో 100 కిలోల మిశ్రమానికి బూడిద 60, రాతిపొడి 24, ఆర్పిన సున్నం 11, జిప్సం 5 కిలోలు అనుకోవచ్చు. సిమెంటు పద్ధతిలో బూడిద 55, రాతిపొడి 36, సిమెంటు 9. సిమెంటు 8 కంటే తగ్గితే అంచులు రాలతాయి. యూనిట్‌కు వెళ్లినప్పుడు పాన్ మిక్సర్ దగ్గర కాసేపు నిలబడి చూడండి. బూడిద, సున్నం, జిప్సం ముందు నీళ్లతో బాగా నలిగాక రాతిపొడి పడాలి. అన్నీ ఒకేసారి గుమ్మరించి రెండు తిప్పులు తిప్పి తీస్తుంటే ఇటుకలో తెల్లటి సున్నపు పలుకులు మిగిలిపోతాయి. గోడ కట్టాక అవి తేమ పీల్చి ఉబ్బి, పైపూతను బొడిపెలుగా ఎత్తి రాల్చేస్తాయి.

మన ప్రాంతంలో ప్రత్యేకంగా చూసుకోవాల్సింది నాపరాయి పొడి. పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర తెల్లటి బురద గుట్టలుగా పడి ఉంటుంది. ఎండితే మెత్తటి పొడి. దాన్ని తెచ్చి కలిపి 'సున్నం వేస్తున్నాం' అని చెప్పే యూనిట్లు ఉన్నాయి. అది కాల్చని సున్నపురాయి, అంటే కాల్షియం కార్బొనేట్. బూడిదతో కలిసి జిగురు కట్టే శక్తి దానికి లేదు. రాతిపొడికి బదులు కొంత వాడితే మంచిదే, ఆ వ్యర్థం పొలాల్లోకి, వాగుల్లోకి పోకుండా ఉంటుంది. సున్నానికి బదులుగా వాడితే మాత్రం అది మోసం, ఇటుక ఎన్ని రోజులు తడిపినా గట్టిపడదు. మరీ మెత్తటి పొడి కాబట్టి నీళ్లు కూడా ఎక్కువ అడుగుతుంది, ఎండాక ఆ మేరకు కుంచించుకుపోతుంది. తేడా కనిపెట్టడం సులువు. పసుపు కలిపిన నీళ్లలో చిటికెడు వేయండి. అసలు సున్నమైతే పారాణిలా ఎర్రబడుతుంది, నాపరాయి పొడితో ఆ ఎరుపు రాదు. బాత్రూం కడిగే యాసిడ్ రెండు చుక్కలు వేస్తే నాపరాయి పొడి బుసబుస పొంగుతుంది.

ఇక తడపడం. అచ్చులోంచి తీసిన ఇటుకను మొదటి ఒకటి రెండు రోజులు నీడలో కప్పి ఉంచాలి, నీళ్లు కొట్టకూడదు. తర్వాత 14 నుంచి 21 రోజులు రోజుకు రెండు మూడుసార్లు తడపాలి. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు దొంతర పైవరస గంటలో ఆరిపోతుంది. తేమ పోయిన చోట రసాయన చర్య అక్కడికక్కడే ఆగిపోతుంది. అందుకే వేసవి లోడుల్లో పైవరసలు, పక్కవరసలు మెత్తగానూ, లోపలివి గట్టిగానూ వస్తాయి. గోనెపట్టలు గానీ టార్పాలిన్ గానీ కప్పి తడిపే యూనిట్‌లోనే కొనండి. నీళ్లు ఎక్కడివని కూడా అడగండి. ఉప్పు బోరు నీళ్లతో తడిపితే గోడ మీద తెల్లటి ఉప్పు పొంగుతుంది, జిప్సం మోతాదు మించినా అంతే. కాంక్రీటు నీళ్లకు ప్రమాణాలు పెట్టిన హద్దు, లీటరుకు 400 మిల్లీగ్రాముల సల్ఫేటు, ఇక్కడా మంచి కొలమానమే.

యార్డులో చేయదగ్గ పరీక్షలు కొన్ని ఉన్నాయి. 9×4×3 అంగుళాల ఇటుక ఎండినప్పుడు సుమారు 3 కిలోలు తూగాలి. రెండున్నర కిలోలే ఉంటే మిషన్ సరిగా నొక్కలేదు. రెండు ఇటుకలు తట్టితే ఖంగుమనాలి. గోటితో గీస్తే గీత పడకూడదు. ఒకటి విరగ్గొట్టి మధ్యలో చూడండి: ముదురు తడి మచ్చ ఉంటే వయసు చాలలేదు, తెల్లటి పలుకులుంటే కలపడం చాలలేదు. మూడడుగుల ఎత్తు నుంచి గట్టినేల మీద అడ్డంగా వదిలితే ముక్కలు కాకూడదు. నీళ్ల పరీక్షకు ఓపిక కావాలి. బాగా ఎండిన ఇటుకను తూచి, 24 గంటలు నీళ్లలో ముంచి, తీసి తుడిచి మళ్లీ తూచాలి. 3000 గ్రాములది 3420 అయితే 14 శాతం, చాలా బాగుంది. 3600 దాటితే 20 శాతం దాటినట్టు, ఐఎస్ 12894 అనే భారత ప్రమాణం ప్రకారం పనికిరాదు. ఈ ప్రమాణం సున్నం ఇటుకకు. సిమెంటు ఇటుకకు 2018లో ఐఎస్ 16720 అని వేరే వచ్చింది. బిల్లు మీద ఏది రాశారో చూడండి.

పెద్ద కట్టడమైతే అయిదు ఇటుకలు ఇంజినీరింగ్ కాలేజీ సివిల్ ల్యాబుకు పంపండి. 7.5 తరగతి ఇటుకంటే చదరపు మిల్లీమీటరుకు 7.5 న్యూటన్లు. ఈ సైజు ఇటుక ల్యాబు మిషన్ కింద దాదాపు 18 టన్నుల బరువు ఓర్చుకోవాలి.

గోడలో పగుళ్లు వచ్చాయన్న ఫిర్యాదు మీద ఇటుకను తిట్టే ముందు కట్టిన తీరు చూడాలి. మన బేల్దారులకు మట్టి ఇటుక అలవాటు. దాన్ని తొట్టిలో నానబెట్టి కడతారు, ఇదీ అలాగే నానబెడతారు. బూడిద ఇటుకకు అది చెరుపు. పైన నీళ్లు చిలకరిస్తే చాలు. నానిన ఇటుక మాలు మీద జారుతుంది, తర్వాత ఎండుతూ కుంచించుకుపోతుంది. ప్రమాణం ప్రకారం కుంచింపు 0.15 శాతం దాకా ఉండొచ్చు, అంటే 3 మీటర్ల గోడలో నాలుగున్నర మిల్లీమీటర్లు. పచ్చి ఇటుకైతే ఇంకా ఎక్కువ. ఆ కుంచింపు కిటికీ కింద నిలువు పగులుగానో, బీము కింద అడ్డపగులుగానో బయటపడుతుంది. మాలు 1:6 (సిమెంటు ఒక పాలు, ఇసుక ఆరు పాళ్లు) చాలు, గట్టిగా ఉండాలని 1:4 వేస్తే పగుళ్లు పెరుగుతాయే గాని బలం పెరగదు. సందు 10 మిల్లీమీటర్లకు మించొద్దు. నాలుగంగుళాల గోడను రోజుకు నాలుగడుగులకు మించి లేపకండి, ప్రతి మూడు నాలుగు అడుగులకు రెండు కమ్మీలతో సన్నటి కాంక్రీటు పట్టీ వేయించండి. బీముకు, గోడకు కలిసే చోట కోళ్ల జాలీ కొట్టాకే పూత. ఇటుక ముఖం నున్నగా ఉంటుంది కాబట్టి సందులను 10 మిల్లీమీటర్ల లోతు గీకకపోతే పూత పట్టదు. బాగా కట్టిన గోడకు 12 మిల్లీమీటర్ల పూత సరిపోతుంది. సైజులు సమంగా ఉండే ఇటుకకు ఇదే పెద్ద లాభం: మట్టి ఇటుక వంకర్లు కప్పడానికి పట్టే సిమెంటు, ఇసుక మిగులుతాయి.

పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తు నాలుగంగుళాల గోడకు సుమారు 450 ఇటుకలు పడతాయి. విరిగేవి కలుపుకుని 475 తెప్పించండి. అంచులు సున్నితం, లారీలోంచి గుమ్మరించనివ్వకుండా చేతులతో దింపించండి. కర్నూలు, అనంతపురం వాళ్లకు ఇక్కడినుంచి తెప్పించుకుంటే బాడుగే తడిసి మోపెడవుతుంది, దగ్గర్లో దొరికే యూనిట్‌ను ఇవే పరీక్షలతో చూసుకోవడం మేలు. చౌడు నేలలో పునాదికి మాత్రం ఈ ఇటుక వద్దు. నేలలోని లవణాలు తేమతో పైకెక్కి కొరికేస్తాయి, మన దగ్గర రాయికి కొదవ లేదు కదా.

పర్యావరణం మాటకొస్తే, సిమెంటు పద్ధతిలో చేసిన వెయ్యి ఇటుకల్లో సుమారు 1650 కిలోల బూడిద ఇమిడిపోతుంది. అదే వెయ్యి మట్టి ఇటుకలకు మూడు టన్నుల దాకా మట్టి తవ్వాలి, అదీ చెరువుల్లోనో పొలాల్లోనో. తర్వాత కట్టెలు, ఊక, బొగ్గు పెట్టి కాల్చాలి. ఇక్కడ కాల్చే పని లేదు. కానీ 'కార్బన్ లేని ఇటుక' అని బోర్డు రాస్తే నమ్మకండి. ఆ వెయ్యి సిమెంటు పద్ధతి ఇటుకల్లో దాదాపు 270 కిలోల సిమెంటు ఉంటుంది, దాని తయారీలో 200 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ అప్పటికే వెలువడి ఉంటుంది. సున్నమూ అంతే: 100 కిలోల సున్నపురాయి కాలిస్తే 56 కిలోల సున్నం, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. ఎసిటిలీన్ గ్యాసు తయారీలో మిగిలే కార్బైడ్ సున్నం, ఎరువుల ఫ్యాక్టరీల జిప్సం వాడే యూనిట్ అయితే ఈ లెక్క చాలా తగ్గుతుంది. అడిగి తెలుసుకోండి.

అడగాల్సింది ఇంకొకటి ఉంది. బూడిదలో సిలికా ఉంది, కొద్దిపాటి ఆర్సెనిక్, సీసం ఉన్నాయి. గట్టిపడిన ఇటుకలో అవి చాలావరకు బందీలే. మిక్సర్ దగ్గర సంచి విప్పే మనిషికి మాత్రం అవి నేరుగా ఊపిరితిత్తుల్లోకే. చాలా యార్డుల్లో ఆ పని ఆడవాళ్లది, ముక్కుకు అడ్డం చీరకొంగే. మెత్తటి బూడిదను కొంగు ఆపలేదు, ఎన్95 మాస్కు కావాలి, నేల ఊడ్చే ముందు నీళ్లు చల్లాలి, బూడిద లారీకి పట్ట కప్పాలి. ఇవి కనిపించని యార్డును మేం ఎవరికీ చెప్పం, ఇటుక ఎంత గట్టిగా ఉన్నా సరే.

పచ్చి ఇటుక అమ్మే యజమానుల్లో ఎక్కువమంది చేతిలో డబ్బు ఆడక అమ్ముతున్నవాళ్లే. 28 రోజులు దొంతర పెట్టుకోవాలంటే అంతకాలం కూలీ, సిమెంటు ఖర్చు మోయాలి. కాబట్టి పునాది తవ్వుతున్నప్పుడే యూనిట్‌కు వెళ్లి పావు వంతు అడ్వాన్సు ఇవ్వండి. మీ దొంతర మీద అచ్చుపోసిన తేదీని పెయింటుతో రాయించండి, అదే తేదీ బిల్లు మీద కూడా వేయించండి. మధ్యలో ఒక మధ్యాహ్నం చెప్పకుండా వెళ్లి పైవరస ముట్టుకుని చూడండి. తడిగా ఉంటే మిగతా డబ్బు నిశ్చింతగా కట్టొచ్చు.