ఇషాపూర్ 2ఏ1 రైఫిల్: కొనే ముందు చూసినవి, వాడాక తేలినవి

టెక్సస్‌లో నా దగ్గర ఉన్న ఇషాపూర్ 2ఏ1 రైఫిల్‌ను సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. చాలా ఏళ్లుగా క్రమం తప్పకుండా కాలుస్తున్నాను. పాత సైనిక రైఫిళ్ల మీద మనసున్నవారికి ఇది మంచి తుపాకి అని నిస్సందేహంగా చెబుతాను. అయితే ఆ మాట మోడల్‌కు వర్తిస్తుంది గానీ, అమ్మకపు బల్ల మీద మీ ముందున్న తుపాకికి కాదు. ఎన్ని చేతులు మారిందో, ఎన్ని వానాకాలాలు ఏ గోదాములో గడిపిందో తెలియని ఇనుము అది. కొనేటప్పుడు చేసిన పరీక్షల్లో ఏవి తర్వాత అక్కరకొచ్చాయి, ఏవి పట్టించుకోనక్కరలేదు అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

మన పోలీసుల భుజాన దశాబ్దాలపాటు కనిపించిన త్రీ నాట్ త్రీ (.303) రైఫిల్‌కు ఇది తమ్ముడి వరస. 1962 యుద్ధం తర్వాత పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ పాత లీ-ఎన్‌ఫీల్డ్ నమూనాను తీసుకుని, మెరుగైన ఉక్కుతో, 7.62 మి.మీ. నాటో తూటాకు సరిపడేలా వీటిని తయారు చేసింది. పాత .303లనే మార్చి ఇలా చేశారన్న మాట అమ్మకపు బల్లల దగ్గర ఇప్పటికీ వినిపిస్తుంది. అది నిజం కాదు, ఇవి కొత్తగా చేసినవే. గురి చూసే వెనుక సైటు మీద దూరం అంకెలు 2000 మీటర్ల వరకు ఉంటే అది 2ఏ, 800 దగ్గర ఆగితే 2ఏ1.

సైనిక తూటా కాల్చే ఇలాంటి రైఫిల్ భారత్‌లో సాధారణ పౌరులకు దొరకదు. మిగులు సరుకుగా అమెరికా చేరినవే ఇక్కడ చేతులు మారుతున్నాయి. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఫెడరల్ చట్టం ప్రకారం, వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప, వారు తుపాకిని గానీ తూటాలను గానీ దగ్గర ఉంచుకోకూడదు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. స్నేహితుడి తుపాకిని పట్టుకుని చూసే ముందు కూడా ఈ నియమం తెలుసుకుని ఉండటం మంచిది.

తుపాకుల అమ్మకపు ప్రదర్శనల్లో బోల్టుకు, అంటే తూటాను లోపలికి నెట్టి వెనుక నుంచి మూసే కదిలే ఉక్కు భాగానికి, ప్లాస్టిక్ పట్టీ కట్టి ఉంచుతారు. కొనే ఉద్దేశం ఉందని చెప్పి దాన్ని తీయించండి. తీయనంటే ఆ బల్ల దగ్గర సమయం వృథా చేయకండి, ఎందుకంటే చూడవలసినదంతా ఆ బోల్టు వెనకే ఉంది. గొట్టం నేలవైపు పెట్టి, మ్యాగజైన్ తీసి, ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ నిర్ధారించుకున్నాకే మిగతా పని.

మొదట నంబర్లు. బోల్టు పిడి మీద ఉన్న నంబరు, రిసీవర్ (బోల్టు కదిలే లోహపు చట్రం) మీది నంబరు ఒకటే కావాలి. ఈ తుపాకుల్లో బోల్టును ఆ రిసీవర్‌కే ఆకురాయితో సరిచేసి అమరుస్తారు. వేరే తుపాకి బోల్టు తగిలిస్తే మూత పడినట్టే ఉంటుంది గానీ, తూటా వెనుక ఉండాల్సిన ఖాళీ కొలత తప్పుతుంది. ఆ కొలతనే హెడ్‌స్పేస్ అంటారు. నంబర్లు కలవని రైఫిల్‌ను గేజి (ఆ ఖాళీని సరిచూసే కొలత ముక్క) పెట్టి చూడకుండా కొనవద్దు. నంబర్లు కలిసినా గేజి పెట్టించడమే నా అలవాటు. ఒక జాగ్రత్త: 7.62 సైనిక గేజికీ, .308 వాణిజ్య గేజికీ కొలతలో తేడా ఉంది. సైనిక హద్దు కాస్త వదులు. ఏ గేజితో చూశారో అడగకుండా ‘పాస్’ అన్న మాటను నమ్మలేం.

నంబర్ల దగ్గరే ‘డీపీ’ అన్న అక్షరాల కోసం కూడా వెతకండి. కవాతు శిక్షణకు మాత్రమే పనికొస్తుందని పక్కన పెట్టిన తుపాకులకు ఆ ముద్ర వేసేవారు. అలాంటి వాటికి ఛాంబర్‌కు బెజ్జం కొట్టడం, తూటాను పేల్చే ఫైరింగ్ పిన్నును కోసేయడం ఉండేవి. వాటిని ఎవరో పూడ్చి, రంగు పూసి అమ్మజూపవచ్చు. గోడకు తగిలించుకోవడానికైతే అభ్యంతరం లేదు. కాల్చడానికి మాత్రం ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

ఇక నా అనుభవంలో అన్నిటికన్నా ఎక్కువ తెలివి నేర్పింది కాల్చిన ఖాళీ కేసు, అంటే తూటా ఇత్తడి తొడుగు. లీ-ఎన్‌ఫీల్డ్ బోల్టును పట్టి ఉంచే చెవులు దాని వెనక భాగంలో ఉంటాయి. అందుకే కాల్చినప్పుడు ఒత్తిడికి బోల్టు కొద్దిగా నొక్కుకుంటుంది, రిసీవర్ కాస్త సాగుతుంది, దాంతో కేసు కూడా సాగుతుంది. అమ్మేవ్యక్తి దగ్గర ఆ తుపాకితోనే కాల్చిన కేసులు ఉంటే తప్పక అడగండి. అడుగు నుంచి కాస్త పైన మెరిసే ఉంగరంలా గీత ఉందేమో వెలుతురులో తిప్పి చూడండి. కాగితాల క్లిప్పును నిటారుగా చేసి, కొసను చిన్న కొక్కెంలా వంచి, కేసు లోపల గోడ వెంబడి కింది నుంచి పైకి లాగండి. ఎక్కడైనా గాడిలో పడ్డట్టు తగిలితే ఇత్తడి లోపల పలచబడిందన్నమాట. అలాంటి కేసులో మళ్లీ మందు, గుండు నింపి కాలిస్తే రెండు ముక్కలు కావచ్చు. నా రైఫిల్ కేసులను ఇప్పటికీ ఇలాగే చూస్తాను.

గొట్టం లోపలి గాడులను టార్చి వేసి రెండు వైపుల నుంచీ చూడాలి. నల్లగా ఉందని భయపడనవసరం లేదు. కాస్త ద్రావకం, గుడ్డ అడిగి తీసుకుని ఒకసారి తుడిస్తే సగం నలుపు పోతుంది. పోని చోట గుంటలు ఉన్నాయన్నమాట. సన్నని గుంటలున్నా గాడుల అంచులు పదునుగా ఉంటే గురి బాగానే వస్తుంది. నాది అలాంటిదే, వంద గజాల దూరంలో గుండ్లు పడిన చోట్లన్నీ కలిపి అరచేతిలో ఇమిడిపోతాయి. గుంటలకన్నా నేను భయపడేది గొట్టం మూతి అరుగుదలకు. సిపాయిలు గొట్టంలోంచి గుడ్డను లాగే పుల్‌త్రూ తాడుతో దాన్ని శుభ్రం చేసేవారు. ఆ తాడు ఏళ్ల తరబడి ఒకే వైపు రాసుకుంటే మూతి గుండ్రదనం పోతుంది. గుండు బయటికి వచ్చే చివరి అంచు అదే. అది చెడితే మిగతా గొట్టం ఎంత మెరిసినా లాభం లేదు.

చాలామంది కొనుగోలుదారులు తుపాకి కర్ర భాగాన్ని అందం కోసమే చూస్తారు. గీతలు, సొట్టలు, మడమ మీద ఎవరో చెక్కిన అంకెలు, లోహం మీద మందంగా పూసిన నల్ల రంగు, వీటిలో ఏదీ ఇన్నేళ్లలో నన్ను ఇబ్బంది పెట్టలేదు. చూడాల్సింది గొట్టం కింద ఉండే ‘ముందు కర్ర’ వెనుక చివరను, అది రిసీవర్‌కు ఆనుకునే చోటును. తుపాకి వెనక్కి తన్నే దెబ్బంతా అక్కడి కర్ర మీదే పడుతుంది. నూనె పీల్చి మెత్తబడిన కర్ర నలిగిపోయి, ఇనుముకూ దానికీ మధ్య ఖాళీ వస్తుంది. ముందు కర్రను చేత్తో పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగి చూడండి. కదిలితే గురి నిలవదు, గొట్టం వేడెక్కే కొద్దీ గుండ్లు దారి తప్పుతాయి. ట్రిగ్గర్ గార్డు ముందు స్క్రూకు లోపల ఒక చిన్న ఉక్కు గొట్టంలాంటి బుష్ ఉంటుంది. అది పోయిన తుపాకిలో స్క్రూ బిగించిన ప్రతిసారీ కర్ర నలుగుతూనే ఉంటుంది. చేతిలో ఇమిడేంత చిన్న ముక్క, దాని మీద ఆధారపడే పని మాత్రం చాలా పెద్దది. అమ్మేవారు ఒప్పుకుంటే గొట్టం మీద కప్పిన పై కర్ర కూడా తీయించండి. పైకి కనిపించే ఇనుమును ఎవరైనా శుభ్రం చేస్తారు, తుప్పు దాక్కునేది కర్ర కింద.

సేఫ్టీ వేసి ట్రిగ్గర్ నొక్కండి, తర్వాత సేఫ్టీ తీసేటప్పుడు ఫైరింగ్ పిన్ను జారకూడదు. ట్రిగ్గర్ రెండు అంచెల్లో రావాలి.

తూటాల విషయంలో నా పద్ధతి మొదటి నుంచీ ఒకటే. సైనిక ప్రమాణంలో చేసిన 7.62 మాత్రమే వాడతాను. వేట కోసం అమ్మే అధిక పీడనపు .308 తూటాలను దీనిలో పెట్టను. పట్టవని కాదు, పడతాయి. వెనక చెవుల బోల్టుకు ఆ ఒత్తిడి అవసరం లేదని నా అభిప్రాయం.

చివరిగా రెండు భాగాలు. ఈ తూటా అడుగున .303కు ఉన్నట్టు బయటికి పొడుచుకొచ్చే అంచు లేదు కాబట్టి ఎక్స్‌ట్రాక్టర్‌ను, అంటే కేసును బయటికి లాగే కొక్కేన్ని, ప్రత్యేకంగా చేశారు. .303 మ్యాగజైన్ కూడా దీనికి సరిపోదు. రెండూ వెతికితే సులువుగా దొరికేవి కావు. మందు లేని డమ్మీ తూటాలు తీసుకెళ్లి, మ్యాగజైన్‌లో పెట్టి, బోల్టును నెమ్మదిగానూ వేగంగానూ ఆడించి చూడండి. ప్రతి తూటా తడబడకుండా లోపలికి వెళ్లి, కొక్కేనికి పట్టుబడి బయటికి రావాలి. అసలు మ్యాగజైన్ లేని 2ఏ1ను ఎవరైనా సగం ధరకు ఇస్తామన్నా, ఆ మ్యాగజైన్ వెతికే ఓపిక, ఖర్చు రెండూ లెక్కలో వేసుకున్నాకే బేరం మొదలుపెట్టండి.